సెకనుకు ఎన్ని జవాబులు

మార్చి 3, సోమవారం

ఎడిటర్ పిలిచాడు. ఏప్రిల్ పదిన ఓట్ల కౌంటింగ్, ఈలోగా వెబ్‌సైట్ సంగతి తేల్చాలన్నాడు.

రెండేళ్ల కిందటి కౌంటింగ్ రోజున మా సైట్ నలభై ఏడు నిమిషాలు పడిపోయింది. నేను కౌంటింగ్ హాల్లో నిలబడి అంకెలు పంపుతూనే ఉన్నాను. చదివినవాడు ఒక్కడూ లేడు.

ఇప్పుడు బయటి కంపెనీ ఒకటి వచ్చింది. సైటంతా జావాస్క్రిప్ట్ భాషలో తిరగరాస్తాం, మీ పాత పీహెచ్‌పీ కంటే నాలుగున్నర రెట్లు వేగం అంటోంది. రాశాక నడిపేదీ వాళ్లే. అంటే మా వెబ్ విభాగంలో ముగ్గురు ప్రోగ్రామర్లు అక్కర్లేదు.

ఇదంతా నాకెందుకని అడిగాను. వాళ్లనడిగితే వాళ్లదే వేగమంటారు, మనవాళ్లనడిగితే మనదే అంటారు, నువ్వు ఎవరివాడివీ కావు అన్నాడు. నాకు సర్వర్ల గురించి ఏం తెలుసన్నాను. డాక్టరీ చదివే ఇన్నాళ్లూ పోస్ట్‌మార్టం వార్తలు రాశావా, కనుక్కోవయ్యా అన్నాడు.

గడువు మార్చి 21. కంపెనీది నిజంగా వేగమని తేలితే ముగ్గురికీ లెటర్లు వెళ్తాయి. ఆ మాట రెండుసార్లు చెప్పాడు.


మార్చి 4, మంగళవారం

కాన్ఫరెన్స్ రూమ్. కంపెనీ మనిషి ముప్ఫై ఆరు స్లైడ్లు చూపించాడు. పన్నెండోది దాటేసరికే మా వాళ్లు అతనికి స్లైడ్లు అని పేరు పెట్టేశారు. మనిషి మర్యాదస్థుడు. చెప్పేది తను నమ్మే చెబుతున్నాడు.

జావాస్క్రిప్ట్ సెకనుకు పద్నాలుగు వేల జవాబులు, అంటే అడిగినవాళ్లకి అన్ని పేజీలు. పీహెచ్‌పీ మూడు వేల వంద. ఏ పేజీ మీద పరీక్షించారని అడిగాను. హలో అని ఒక్క ముక్క చెప్పే పేజీ మీద అన్నాడు.

సెమికోలన్ నవ్వింది. సెమికోలన్ అంటే మా హెడ్ ప్రోగ్రామర్. పదకొండేళ్ల కిందట ఈ సైటును ఒక్కతే కూర్చుని రాసింది. ఎవరి కోడ్ చూసినా ముందు లైను చివర తప్పిపోయిన సెమికోలన్ గుర్తు వెతుకుతుంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. వయసు నలభై ఐదు. ఇక్కడ పోతే మళ్లీ ఇంకోచోట పాతికేళ్లవాళ్ల పక్కన ఇంటర్వ్యూకి కూర్చోవాలి.

మా పేజీ హలో చెప్పి ఊరుకోదు బాబూ, నూట పన్నెండు స్థానాల ఓట్లు చెప్పాలి అంది. గుమ్మంలోంచి పలకరించి పోయేవాడికీ, లోపలికొచ్చి వండి వడ్డించేవాడికీ పరుగు పందెం పెడతారా అంది. ఆడలేక మద్దెల ఓడు అంటే ఎలా మేడమ్ అన్నాడు స్లైడ్లు. మద్దెల మీరు మోసుకొచ్చిందే కదా, ఇక్కడే వాయించి చూద్దాం అంది ఆమె.

నేను నియమాలు రాసి చదివాను. ఒకే మెషీన్. ఒకే కౌంటింగ్ పేజీ. ఒకే డేటా: పాత కౌంటింగ్ అంకెలు, మళ్లీ పదిహేను సెకన్లకోసారి వచ్చేట్టుగా. పీహెచ్‌పీ ఇప్పుడు సైటు మీద ఎలా ఉందో అలాగే. జావాస్క్రిప్ట్ కంపెనీది. మూడోది పైథాన్, అది నేనే రాస్తాను.

పైథాన్ ఎందుకని ఇద్దరూ ఒకేసారి అడిగారు. ఎవరి ఉద్యోగమూ దానిమీద ఆధారపడి లేదు కాబట్టి. పైగా ప్రభుత్వ పట్టికలు లాగడానికి నాలుగేళ్ల కిందట నేర్చుకున్నాను. అన్నా, నువ్వు రాస్తే అది పేరుకు తగ్గట్టు కొండచిలువలా పాకుతుంది అంది సెమికోలన్.


మార్చి 7, శుక్రవారం

మూడు రోజులు పట్టింది. నూట నలభై లైన్లు. పీహెచ్‌పీలో సెమికోలన్ తప్పితే ఏడుపు, ఇక్కడ లైను ముందు ఖాళీ జాగా తప్పితే ఏడుపు. ఆమె నా కుర్చీ వెనక నిలబడి ఎనిమిది తప్పులు చూపించింది. పోటీదారుకి సాయం చేస్తున్నావేంటని అడిగాను. నువ్వు పోటీదారువైతే నాకింక దిగులేముంది అంది.


మార్చి 10, సోమవారం

పరీక్ష జరిగింది. ఐదు వందల మంది పాఠకులు ఒకేసారి పేజీ అడుగుతున్నట్టు నటించే టూల్. ఒక్కో భాషకు పది నిమిషాలు. అంకెలు సెకనుకు:

జావాస్క్రిప్ట్ 2,900.
పీహెచ్‌పీ 1,650.
పైథాన్ 190.

సైటు పడిపోయిన రోజున వచ్చిన తాకిడి సెకనుకు 640. ఆ లెక్కన నా ప్రోగ్రామ్ పావుగంట కూడా నిలవదు. గదిలో ఉన్నవాళ్లంతా నా అంకె చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

సెమికోలన్ నవ్వలేదు. 2,900 అనే అంకెనే చూస్తూ కూర్చుంది. పరిగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు కదండీ అంది చివరికి. మీ పాఠకులు పరిగెడుతున్నారు మేడమ్, వాళ్లకి నీళ్లు చాలవు అన్నాడు స్లైడ్లు. గట్టిగా అనలేదు. గెలిచినవాడికి గట్టిగా అనాల్సిన అవసరం లేదు.

సాయంత్రం ఎడిటర్ ఫోన్ చేశాడు. అంకెలు అప్పుడే అతని దగ్గరికి చేరాయి. రెట్టింపుకి కాస్త తక్కువ, అంతేగా, లెటర్లు సిద్ధం చేయమంటాను అన్నాడు. రిపోర్టు 21న ఇస్తానన్నాను. రిపోర్టులో ఇంకేం ఉంటుందన్నాడు. తెలీదు, ఇంకా పది రోజులుంది అన్నాను.


మార్చి 12, బుధవారం. ఉదయం 7.30

అమ్మ వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దుకుంటోంది. ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్. పరీక్ష సంగతంతా చెప్పాను. వినలేదనుకున్నాను.

శనివారం అరలో మాత్ర వేసి, ఒరేయ్, సెకనుకు అన్ని జవాబులు వచ్చాయంటున్నావు, ఏమని వచ్చాయిరా అంది.

ఏమని అంటే?

ఎంగేజ్ టోన్ కూడా జవాబే కదా నాయనా. మా బోర్డు మీద అన్నిటికంటే తొందరగా వచ్చేది అదే. వైరు పెట్టీ పెట్టకముందే కుంయ్ కుంయ్‌మనేది. అవతల మనిషి లేచొచ్చి, ఫోనెత్తి, పిల్లాణ్ని అరవొద్దని కసిరి, హలో అనాలంటేనే ఆలస్యం. కాల్స్ ఎన్ని కలిపావని మా సూపర్‌వైజరు అడిగితే ఎంగేజ్‌లు కూడా కలిపి చెప్పేసేవాళ్లం, రోజూ మెచ్చుకునేవాడు అంది.

తర్వాత నావైపు చూసి, ఇన్నేళ్ల రిపోర్టరువి, ఎంతమంది మాట్లాడారని రాసుకున్నావు గానీ ఏం మాట్లాడారని అడగలేదా అంది.

అడగలేదు.


మార్చి 13, గురువారం

జావాస్క్రిప్ట్ పరీక్ష మళ్లీ పెట్టాను. ఈసారి వచ్చిన జవాబుల్లో వందింటిని దాచి, ఒక్కొక్కటీ తెరిచాను.

అసలు పేజీ బరువు నలభై ఒక్క కేబీ. వందలో ఎనిమిదే అలా ఉన్నాయి. మిగతా తొంభై రెండింటిలో ఒకటే వాక్యం: సర్వర్ రద్దీగా ఉంది, కాసేపాగి ప్రయత్నించండి.

అంకెలన్నీ ఉండే డేటాబేస్‌లోకి ఒకేసారి ఇంతమందే వెళ్లాలని కంపెనీ వాళ్లు హద్దు పెట్టారు. మిగతావాళ్లను గుమ్మంలోంచే తిప్పి పంపేస్తోంది. పంపడం కూడా అంతా సవ్యంగా ఉన్నట్టే పంపుతోంది. అందుకే టూల్ దాన్ని విజయం కింద లెక్కేసింది. నేను కూడా లెక్కేశాను.

స్లైడ్లను పిలిచి వంద కాగితాలూ ముందు పెట్టాను. ఇరవై దాకా చూశాడు. లాప్‌టాప్ మూశాడు. అది మూసి మాట్లాడటం ఇదే మొదటిసారి. ఇది నాకు తెలీదండీ, మావాళ్లు ఇచ్చిన అంకె చెప్పాను, తెరిచి చూడాలని తోచలేదు అన్నాడు. నాకూ తోచలేదన్నాను. సరిచేసుకోవడానికి గడువు అడిగాడు. ఇచ్చాను.

కబురు పది నిమిషాల్లో వెబ్ విభాగానికి పాకింది. సెమికోలన్ వచ్చి నా బల్ల అంచున కూర్చుంది. ముఖం తేటపడింది. ఇంకేముంది అన్నా, రాసెయ్ అంది. రేపో ఎల్లుండో నీవి కూడా వంద తెరుస్తాను, ఆ తర్వాత నావి అన్నాను.

నావెందుకు అంది.

అందరివీ తెరవాలి కాబట్టి.

ఆమె బల్ల దిగి వెళ్లిపోయింది.


మార్చి 14, శుక్రవారం

సెమికోలన్ రాలేదు. ఒంట్లో బాగోలేదట.


మార్చి 17, సోమవారం

పీహెచ్‌పీ జవాబులు వంద. అన్నీ నలభై ఒక్క కేబీ. అన్నిటిలోనూ నూట పన్నెండు స్థానాలూ ఉన్నాయి. ఒక్క తప్పు లేదు. యాభై దాకా చూసి ఆపేద్దామనుకున్నాను.

పేజీ అడుగున చిన్న అక్షరాల్లో టైము ఉంటుంది. వందింటి మీదా 10.00. పరీక్ష నడిచింది పదిగంటల నుంచి పదిగంటల పది నిమిషాల దాకా. ఆ పది నిమిషాల్లో అంకెలు నలభైసార్లు మారాయి. పేజీ ఒక్కసారీ మారలేదు.

అంటే పేజీని ఒకసారి తయారుచేసి, దాచిపెట్టి, పది నిమిషాలపాటు అడిగినవాళ్లందరికీ అదే కాపీ పంచుతోంది. వాళ్ల భాషలో క్యాషింగ్. వార్తల పేజీకైతే తప్పేమీ కాదు. ఓట్ల లెక్కింపులో పది నిమిషాలంటే ఒక రౌండు.

సెమికోలన్ గదికి వెళ్లాను. తలుపు నేనే వేశాను. ఈ పది నిమిషాలు ఎవరు పెట్టారని అడిగాను.

నేనే అంది. ఎప్పుడు? సైటు పడిపోయిన మర్నాడు. ఎందుకు? పడిపోవడం కంటే పాతది చూపించడం నయమనుకున్నాను, ఆ రోజు ఎడిటర్ ఎన్ని మాటలన్నాడో నువ్వు హాల్లో ఉన్నావు కాబట్టి వినలేదు, నేను విన్నాను. ఎవరికైనా చెప్పావా? ఎవరడిగారు, పడకుండా చూడమన్నారు, పడకుండా చూశాను.

మరి పోయిన ఆగస్టులో స్థానిక ఎన్నికల కౌంటింగ్?

అప్పుడూ అదే, తీయలేదు అంది. ఆ రోజు కూడా పేజీ పది నిమిషాలు వెనక నడిచింది.

అప్పుడు లేచి నిలబడింది. అన్నా, లెటర్లు మాకొస్తున్నాయని తెలుసు, కంపెనీ వాడి లెక్క తప్పని నువ్వే పట్టావు, అక్కడితో ఆపొచ్చు కదా అంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంది. నీకు కావలసింది నిజమా, మా ముగ్గురి నోటి దగ్గర కూడు లాక్కోవడమా అంది.

రాయకపోతే ఏప్రిల్ పదిన కూడా పేజీ పాతదే చూపిస్తుంది అన్నాను. ఇంతకంటే మంచి మాట ఆ సమయానికి దొరకలేదు.


మార్చి 18, మంగళవారం. ఉదయం 6.10

పాత మెయిల్స్ వెతికాను. దొరికింది. ఆగస్టులో ఒక వార్డు అభ్యర్థి కూతురు రాసింది. మా నాన్న ఓడిపోయారని హాల్లోంచి ఫోనొచ్చింది, మీ పేజీలో ఇంకా ముందంజలో ఉన్నారు, ఇంటి ముందు జనం దండలు పట్టుకొని నిలబడ్డారు, వాళ్లకేం చెప్పమంటారు అని.

కింద మా జవాబు: మా అంకెలు సరైనవే. దయచేసి మీరే మరొకసారి సరిచూసుకోండి.

ఆ జవాబు రాసింది నేను. నా పేరే ఉంది. హాల్లో ఎవరినీ అడగకుండా, పేజీ చూసి రాశాను.


మార్చి 19, బుధవారం

తొమ్మిదింటికి సెమికోలన్ నాకంటే ముందే పరీక్ష గదిలో ఉంది. ముఖం కడుక్కుని వచ్చినట్టుంది. పలకరింపు లేదు. క్యాషింగ్ తీసేశాను, పెట్టు అంది. స్లైడ్లు కూడా తన హద్దు సరిచేసుకుని వచ్చాడు. నా పైథాన్ జవాబులు వందా నిన్ననే తెరిచాను. వందా నిజం చెప్పాయి. మొదటి పరీక్షలో నిజం చెప్పింది ఆ 190 ఒక్కటే.

ఇప్పటి అంకెలు:

పీహెచ్‌పీ 205. పైథాన్ 190. జావాస్క్రిప్ట్ 230.

ఇదేంటండీ, మూడూ ఒకే ఈతలో పుట్టినట్టున్నాయి అన్నాడు స్లైడ్లు. సెమికోలన్ అతన్ని పక్కకు జరగమని, డేటాబేస్ లాగ్, అంటే అది చేసిన పనుల చిట్టా, తెరిచింది. రెండు నిమిషాలు చదివింది. తర్వాత తన నుదురు తనే కొట్టుకుంది.

పాఠకుడు పేజీ అడిగిన ప్రతిసారీ డేటాబేస్ ముప్ఫై ఒక్క వేల బూత్‌ల ఓట్లను మొదట్నుంచీ కూడుతోంది. సెకనుకు వందలసార్లు అదే కూడిక. ఏ భాషలో అడిగినా అదే గుమ్మం ముందు క్యూ. ఆ కూడిక రాసింది ఆమె, పదకొండేళ్ల కిందట, మా సైట్లో నాలుగు వేల బూత్‌ల లెక్కే ఉన్నప్పుడు. కంపెనీ వాళ్లూ నేనూ దాన్ని ఉన్నది ఉన్నట్టు దించుకున్నాం. రెండేళ్ల కిందట పడిపోయింది పీహెచ్‌పీ కాదు. ఈ కూడిక.

కొత్త అంకెలు వచ్చినప్పుడే ఒకసారి కూడి మొత్తం పక్కన రాసిపెట్టుకుంటే చాలు అంది. నలభై నిమిషాలు పట్టింది. ఇరవై రెండు లైన్లు. ఆమె టైప్ చేస్తుంటే స్లైడ్లు పక్కన కూర్చుని చూశాడు. మధ్యలో ఒకచోట సెమికోలన్ తప్పిందని వేలుపెట్టి చూపించాడు. ఆమె ఐదు రోజుల తర్వాత నవ్వింది.

మధ్యాహ్నం చివరి పరీక్ష. ముగ్గురి జవాబులూ వందేసి తెరిచాం. అన్నీ సరైనవే, పదిహేను సెకన్లకు మించి పాతది ఒక్కటీ లేదు.

జావాస్క్రిప్ట్ 2,300. పీహెచ్‌పీ 1,480. పైథాన్ 900.

మాదే వేగం కదండీ అన్నాడు స్లైడ్లు. అవును, అలాగే రాస్తానన్నాను. కావలసింది 640 అని కూడా రాయండి అన్నాడు తనే. అంకెల కింద ముగ్గురం సంతకాలు చేశాం.

పది నిమిషాల సంగతి రాస్తావా అని సెమికోలన్ అడగలేదు.


మార్చి 21, శుక్రవారం

రిపోర్టు రెండు పేజీలు. జావాస్క్రిప్ట్ వేగం నిజం, ఒకటిన్నర రెట్లు. మనకు ఆ వేగం అవసరం లేదు. తప్పు భాషది కాదు. ఎవరి తప్పు ఏదో వరసగా రాశాను: కంపెనీది, సెమికోలన్‌ది, నాది. ఆగస్టు మెయిల్ జతచేశాను.

ఎడిటర్ నిలబడే చదివాడు. రెండో పేజీ దగ్గర కూర్చున్నాడు. కంపెనీ వద్దు, సరే, కానీ ఈవిణ్ని ఎలా ఉంచుకోమంటావు, రెండేళ్లు మన చేత పాత లెక్క చదివించింది అన్నాడు.

అది నన్నడిగిన ప్రశ్న కాదన్నాను. అడుగుతున్నాను, చెప్పు అన్నాడు.

ఆమె దాచింది. ఒకావిడ మెయిల్ రాసి మరీ చెబితే నేను చూడకుండా కొట్టిపారేశాను. ఆమెకు లెటర్ టైప్ చేయిస్తే దాంతోపాటే ఇంకోటి నాకు కూడా టైప్ చేయించు అన్నాను. బెదిరిస్తున్నావా అన్నాడు. లేదు, తప్పులు ఎన్నున్నాయో చెబుతున్నా అన్నాను. ఇంకొకటి కూడా చెప్పాను: ఆ కూడికను పట్టుకున్నదీ సరిచేసిందీ ఆమే, వాళ్లూ నేనూ కాదు.

ఎడిటర్ రిపోర్టు మడిచాడు. రేపు సవరణ వేయండి, సైటు పైభాగాన, ఇద్దరి పేర్లతో అన్నాడు. ఏప్రిల్ పది దాకా విభాగం ఉంటుంది, ఆ రోజు పేజీ పడినా, పాతది చూపినా ముగ్గురూ వెళ్తారు, నువ్వు కూడా నీ రాజీనామా కాగితం రాసుకుని ఉంచుకో అన్నాడు.

సెమికోలన్ గదికి వెళ్లి చెప్పాను. నీ పేరెందుకు ఇరికించుకున్నావు అన్నా అంది. ఇరికించుకోలేదు, ఉన్నదే రాశానన్నాను. సవరణ తనే టైప్ చేసింది. క్షమించండి అన్న మాట రెండుసార్లు వచ్చింది. ఒకటి తీసేసి, తేదీ, పది నిమిషాలన్న మాట చేర్చాను.


మార్చి 22, శనివారం

అభ్యర్థి కూతురు రాసింది. ఒకటే వాక్యం. పది నిమిషాల ఆలస్యానికి ఏడు నెలల ఆలస్యంగా జవాబిచ్చారు, సంతోషం.

ప్రింట్ తీసి సెమికోలన్‌కి ఇచ్చాను. మడిచి లోపల పెట్టుకుంది.


ఏప్రిల్ 4, శుక్రవారం

రోజూ పరీక్ష. రోజూ వంద జవాబులు తెరవడం. ముగ్గురు ప్రోగ్రామర్లూ వంతులేసుకున్నారు. ఈరోజు సెకనుకు 1,400 దగ్గర గంటసేపు నడిపారు. నిలబడింది. అమ్మ అడిగింది, ఎంగేజ్‌లు లేవు కదా అని. లేవన్నాను. అయితే సూపర్‌వైజరు మెచ్చుకోడు చూడు అంది.


ఏప్రిల్ 10, గురువారం. కౌంటింగ్ హాల్

ఎడిటర్ ఉదయం ఏడింటి నుంచీ సెమికోలన్ కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడట. కూర్చోమన్నా కూర్చోలేదట.

పదకొండో రౌండు అయింది. బోర్డు మీద రాస్తుండగానే చూసి ఆమెకు ఫోన్ చేశాను. నలభై రెండో స్థానం, ఆధిక్యం మూడు వందల పద్దెనిమిది అన్నాను.

అది పాతది అన్నా, అధికారులు పంపిన కొత్త అంకె పేజీలోకి వచ్చేసింది అంది సెమికోలన్.

తిరిగి చూశాను. బోర్డు రాసే మనిషి ఆ అంకె తుడుస్తున్నాడు.